చలికాలంలో ఏసీ ఎవరు చూస్తారు?

మా నెల్లూరు తీరంలో చలి అనే మాటని కొంచెం మొహమాటపడుతూనే వాడాలి. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న మా జువ్వలదిన్నెలో పుష్యమాసం తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరికి దిగితే అదే గొప్ప. ఆ మాత్రానికే మా అమ్మ చెవులకి గుడ్డ కట్టుకుంటుంది. మధ్యాహ్నానికి మళ్ళీ 29, 30. మే నెల వచ్చేసరికి 42, 43 డిగ్రీల ఎండ, దానికి తోడు సముద్రపు ఉక్క. పాత కార్ల బ్రోకర్లకి ఈ రెండింటి మధ్యనున్న నాలుగు నెలల ఎడం బాగా తెలుసు. ఏసీ చెడిపోయిన కారుని జనవరిలో అమ్మితే కొన్నవాళ్ళకి ఆ సంగతి తెలిసేది ఏప్రిల్లో. అప్పటికి కాగితాలు మారిపోయి ఉంటాయి. బ్రోకరు ఫోనెత్తడు.

మొన్న జనవరిలో నేను పాత కారు కొనడానికి బయలుదేరాను. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి, కావలిలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని. జీతం ఏ నెల వస్తుందో ఏ నెల రాదో చెప్పలేని ఉద్యోగం. అయినా అయిదేళ్ళపాటు కూడబెట్టిన డబ్బుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కదా, కారెందుకు అని అడిగినవాళ్ళున్నారు. టిక్కెట్టు లేని బస్సు నిజంగా పెద్ద మేలు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ సాయంత్రం సెమినారు ఆలస్యమైన రోజున, అమ్మకి ఆయాసం వచ్చిన రాత్రిన, ఊళ్ళోకి బస్సు ఉండదు. ఆటోవాడి దయ.

స్త్రీవాద పత్రికకి ఏసీ కారు గురించి రాయడమేమిటని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. నాకూ అనిపించింది. మా వీధిలో చేపలమ్మే ఆడవాళ్ళు ఐసు పెట్టెల మధ్య కాళ్ళు ముడుచుకుని ఆటోల్లో కావలి బజారుకి వెళ్తారు. వాళ్ళ పక్కన పెట్టి చూస్తే ఏసీ విలాసమే. అయితే విలాసం అనే ముద్ర ఎవరి అవసరాల మీద ఎంత సులువుగా పడుతుందో గమనిస్తూ వచ్చినదాన్ని నేను. మన ఇళ్ళల్లో ఏసీ మొదట పడగ్గదిలోకి వస్తుంది, డబ్బుంటే తర్వాత హాల్లోకి. ఇంట్లో అన్నిటికంటే వేడిగా ఉండే గది వంటిల్లు. అక్కడ ఏసీ ఉన్న ఇల్లు నేనింకా చూడలేదు. పొయ్యి ఆరిపోతుందని ఫ్యాను కూడా వెయ్యనివ్వరు. ఆఫీసుల సంగతి దీనికి తిరగేసి. అక్కడ ఆడవాళ్ళు శాలువా కప్పుకుని పనిచేస్తారు. భవనాల చల్లదనానికి వాడే లెక్కలు 1960ల నాటి ఒక సగటు మగవాడి శరీరం మీద ఆధారపడ్డవని 2015లో ఇద్దరు డచ్ పరిశోధకులు కింగ్మా, వాన్ మార్కెన్ లిక్టెన్‌బెల్ట్ చూపించారు. ఎంత చల్లదనం కావాలో, అది ఎక్కడ కావాలో నిర్ణయించేది ఎవరు అన్న ప్రశ్న కారులోకి కూడా వచ్చి కూర్చుంటుంది.

కారులో ఏసీ నాకు ఎందుకు ముఖ్యమో చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఒక మే నెలలో స్నేహితురాలి కారు తీసుకుని ఒక్కదాన్నే బయలుదేరాను. దాని ఏసీ ఎప్పుడో పోయింది. నాలుగద్దాలూ దించి నడుపుతున్నాను. రైల్వే గేటు పడింది. మోటార్ సైకిల్ మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి నా పక్కన ఆగారు. వెనక కూర్చున్నవాడు కిటికీ అంచు మీద మోచెయ్యి ఆనించాడు. అంతే. ఏమీ చెయ్యలేదు. "మేడమ్, ఒక్కరేనా?" అన్నాడు. అద్దం ఎత్తాను. మోచెయ్యి తీశాడు. గూడ్సు బండి వచ్చి వెళ్ళేదాకా, మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో, నాలుగద్దాలూ మూసిన ఆ రేకు డబ్బాలో కూర్చున్నాను. నుదుటి మీంచి చెమట కళ్ళల్లోకి దిగుతోంది. కింద పెట్టిన నీళ్ళ సీసా అందుకోవాలంటే వంగాలి, వంగితే వాళ్ళు నవ్వుతారేమోనని వంగలేదు. గేటు లేచేసరికి చేతులు వణుకుతున్నాయి. భయానికో వడదెబ్బకో ఇప్పటికీ తెలీదు.

మగవాడికి ఏసీ లేని కారంటే ఉక్కపోత. అద్దం దించుకుని, చొక్కా గుండీ ఒకటి తీసి, మోచెయ్యి బయటపెట్టి నడుపుకుంటూ పోతాడు. ఒంటరిగా నడిపే ఆడదానికి అది రెండు కష్టాల మధ్య ఎంపిక. వేడా, మోచెయ్యా? ఏసీ బాగుంటే అద్దాలు మూసుకుని వెళ్ళచ్చు. అది లేని కారు నాకు మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట పనికిరాదు. అంటే ఏడాదిలో మూడోవంతు. కారు ధరలోంచి మూడోవంతు తగ్గిస్తారా అని తర్వాత బ్రోకరుని అడిగాను. ఆయన దాన్ని హాస్యంగా తీసుకున్నాడు.

బేరానికి వచ్చింది ఒక చిన్న కారు. ఏడేళ్ళది. రొయ్యల చెరువులున్న ఒకాయనది. చెప్పిన ధర 2,40,000. బ్రోకరు ఫోన్లో, "పొద్దన్నే ఆరున్నరకి వచ్చెయ్యండమ్మా, చల్లగా ఉంటాది, తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నాడు. తోడు ఉండనీ అని అమ్మ తమ్ముడిని పంపింది. వాడికి స్కూటీ తప్ప మరేదీ నడపడం రాదు. మేం వెళ్ళేసరికే ఇంజను ఆన్ చేసి పెట్టి ఉంది. బ్లోయర్ తిరుగుతోంది, గాలి చల్లగా తగులుతోంది. బయటి గాలే 21 డిగ్రీలున్నప్పుడు ఏ గాలైనా చల్లగానే తగులుతుంది మరి.

"సార్, ఏసీ చూడండి, ఐసే" అన్నాడు తమ్ముడితో.

"ఇది ఏసీ గాలా, బయటి గాలా?" అన్నాను.

"చలికాలంలో ఏసీ ఎవురు చూస్తారమ్మా? ఇంజను చూడండి, టైర్లు చూడండి. ఏసీదేవుంది సార్, నిన్ననే గ్యాసు పట్టించినాం."

"నన్నడుగుతారేందండీ, కారు అక్కది. నాకు డ్రైవింగే రాదు" అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత కూడా ఆయన చూపు ప్రతి వాక్యం చివర వాడి మీదకే పోయింది. వాక్యం నాకు, చూపు వాడికి.

మధ్యాహ్నం ఒంటిగంటకి మళ్ళీ వస్తాననీ, అప్పటిదాకా కారు స్టార్ట్ చెయ్యకుండా, అద్దాలెత్తి ఎండలో ఉంచమనీ చెప్పి వచ్చేశాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆడవాళ్ళకి చూపించే కార్ల గురించి ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండుననిపించింది. నేనే చేద్దునేమో, ఏ శాఖ ఒప్పుకుంటుంది?

ఇదంతా నాకెలా తెలుసంటే, తెలుసుకున్నాను కాబట్టి. ఏసీ చల్లదనాన్ని తయారుచేసే యంత్రం కాదు, లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోసే యంత్రం. ఇంజను తిప్పే కంప్రెసర్ గ్యాసుని నొక్కుతుంది. నొక్కుడుకి వేడెక్కిన గ్యాసు, కారు ముందు భాగంలో రేడియేటర్‌కి ముందుండే కండెన్సర్ అనే జల్లెడలాంటి దానిలోకి వెళ్ళి, ఆ వేడిని గాలికి వదిలేసి ద్రవమవుతుంది. ఆ ద్రవం సన్నటి సందులోంచి డాష్‌బోర్డు వెనకాలకి వచ్చి ఆవిరవుతూ కారు లోపలి వేడిని లాగేసుకుంటుంది. మళ్ళీ కంప్రెసర్ దగ్గరికి పోతుంది. ఇది మూసి ఉన్న వలయం. కాబట్టి గ్యాసు పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పోవడం మామూలే గాని, ఏటా పట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. "నిన్ననే గ్యాసు పట్టించినాం" అన్నది ఆయన దృష్టిలో భరోసా. నా చెవికి అది నేరాంగీకారంలా వినబడింది.

మిన్నియాపొలిస్‌లో ఉంటున్న నా హాస్టలు స్నేహితురాలు అక్కడి జనవరిలో, సున్నాకి 15 డిగ్రీల కింద, పాత కారు కొన్నది. అక్కడ అమ్మేవాళ్ళు ఈ చలికి ఏసీ ఆన్ కాదంటే అది చాలావరకు నిజమే. బయటి గాలి గడ్డకట్టే చలికి దగ్గరపడితే కంప్రెసర్ పనిచెయ్యకుండా చాలా కార్లలో ఏర్పాటుంటుంది. ఇది మొండిగా కారుని వాళ్ళ వెచ్చటి షెడ్డులోకి పెట్టించి, ఓ గంట ఆగి, అప్పుడు చూసింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ముందద్దం మీద పేరుకునే ఆవిరిని తొలగించడానికి కూడా కంప్రెసరే కావాలి, అది గాలిలో తేమని పిండేస్తుంది గనక. ఇక్కడ మనకీ అంతే. మా తీరానికి వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ వానలో అద్దాలు మూసి, ఏసీ లేకుండా నడిపితే రెండు నిమిషాల్లో రోడ్డు మాయమవుతుంది. అంటే ఏసీ కావల్సింది ఎండాకాలం నాలుగు నెలలకే కాదు. పోతే, చలికి ఏసీ ఆన్ కాదన్న మాట మిన్నెసోటాలో నిజం గాని, జువ్వలదిన్నెలో ఎవరన్నా అబద్ధమే. 20 డిగ్రీల్లో కూడా అది నిక్షేపంగా పనిచెయ్యాలి.

చెయ్యి పెట్టి చూసే చల్లదనాన్ని నేను నమ్మదలచుకోలేదు. కొలవాలి. జ్వరం చూసే థర్మామీటరు ఇందుకు పనికిరాదు, అది 35 కింద ఏమీ చెప్పదు. రొయ్యల చెరువుల్లో నీటి వేడి చూసేందుకు మా బావ దగ్గర సన్నటి కడ్డీ ఉన్న థర్మామీటరుంది. అది పట్టుకెళ్ళాను.

ఒంటిగంటకి నీడలో 29 డిగ్రీలు. ఎండలో ఉన్న కారు లోపల ఊపిరాడనంత వేడి. పుష్యమాసమైనా సూర్యుడు సూర్యుడే. ముందు ఇంజను చూశాను, వేడి లేదు. ఏసీ ఆపి ఒట్టి బ్లోయర్ వేసి, మధ్య కిటికీలో, అదే గాలి వచ్చే జాలీలో, థర్మామీటరు గుచ్చి అంకె రాసుకున్నాను. తర్వాత ఏసీ నొక్కాను. టక్కుమని క్లచ్ పట్టిన చప్పుడు వినబడాలి, ఇంజను ఒక్క క్షణం కుంగినట్టయి తేరుకోవాలి, ముందు ఫ్యాను తిరగాలి. మూడూ అయ్యాయి. లోపలి గాలే తిరిగేటట్టు మీట మార్చి, చలి పూర్తిగా పెట్టి, ఎక్సలేటరు కొంచెం తొక్కి పట్టమని తమ్ముడికి చెప్పాను. వాడు బ్రేకు తొక్కాడు. బ్రోకరు నవ్వాడు. మొదటిసారి ఆయన చూపు నా వైపు తిరిగింది.

పది నిమిషాలకి 8 డిగ్రీలు. బాగుంది. ఆ ఎండకి 6 నుంచి 10 మధ్య ఏదొచ్చినా మంచిదే. ఎక్సలేటరు వదిలేస్తే 11 అయింది, అదీ ఫరవాలేదు. కారు కింద వంగి చూశాను, చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నాయి. అవి గాలిలోంచి పిండిన నీళ్ళు, మంచి గుర్తే. "చూసినారుగా మేడమ్" అన్నాడాయన, డబ్బులు లెక్కపెట్టుకోబోతున్న గొంతుతో. నేను బానెట్ తీయించి టార్చి వేశాను. గొట్టాల అతుకుల దగ్గర దుమ్ము జిడ్డుగా అంటుకుందంటే లోపలి నూనె బయటికొస్తోందని, దాంతోపాటు గ్యాసూ పోతోందని అర్థం. అతుకులు పొడిగానే ఉన్నాయి. కానీ కండెన్సర్ ఒక మూల రేకులు తెల్లగా పొడిపొడిగా ఉన్నాయి. ఉప్పు గాలికి అల్యూమినియం అట్లా పూస్తుంది. ఏడేళ్ళు రొయ్యల చెరువు గట్ల మీద ఉప్పునీటి తుంపర్లలో తిరిగిన కారు అది.

అక్కడే గేజి కూడా పెట్టి చూపించారు, ఇంజను ఆపి. "తొంభై అయిదు. ఫుల్లు సార్." ఇక్కడ వంటింట్లో నేర్చుకున్న ఒక సంగతి పనికొచ్చింది. గ్యాసు సిలిండరు నిండా ఉన్నా, రెండ్రోజుల్లో అయిపోబోతున్నా మంట ఒకేలా వస్తుంది. లోపల కాస్త ద్రవం ఉన్నంతకాలం ఒత్తిడి మారదు. ఎంత మిగిలిందో తెలియాలంటే సిలిండరుని ఎత్తి చూడాలి. అందుకే దాన్ని కదిపి చూడని ఆడది ఉండదు. కారు గ్యాసూ అంతే. ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడే ఆర్ 134ఏ అనే గ్యాసు, ఇంజను ఆపి ఉంటే, 20 డిగ్రీల దగ్గర సుమారు 68 పౌండ్ల ఒత్తిడి చూపిస్తుంది, 30 దగ్గర సుమారు 97. నిండా ఉన్నా, సగమే ఉన్నా అంతే. ఆయన చూపించిన 95 గ్యాసు ఎంతుందో చెప్పదు, ఆ రోజు ఎండ ఎంతుందో చెప్తుంది. ఇంజను నడుస్తుండగా రెండు గేజులూ చూడాలి, లేదా ఉన్నదంతా బయటికి తీసి తూకం వెయ్యాలి. ఈ మాట చెప్తే, "మేడమ్ గారు సైన్సు టీచరా సార్?" అని తమ్ముడినే అడిగాడు. తెలుగు అన్నాడు వాడు. ఆయన దాన్ని నమ్మలేదు.

కారు బాగానే ఉంది కదా, ఇక కొనచ్చు కదా అని అమ్మ. నాకు మాత్రం "నిన్ననే" అన్న మాట నలుగుతూనే ఉంది. నిన్న పట్టించిన గ్యాసుతో ఇవాళ ఎవరి కారైనా చల్లగానే ఉంటుంది. చిల్లు ఉందో లేదో తేల్చగలిగేది కాలమొక్కటే. సంక్రాంతి అయ్యాక డబ్బిస్తాను, అప్పుడు మళ్ళీ ఒకసారి చూస్తానని చెప్పి వచ్చేశాను. మా వీధిలో చేపలమ్మే అక్క ఇది విని, "మంచి పని చేసినావుమే" అంది. "తెల్లారుజామున నాలుగింటికి ఎవురి ఐసైనా గట్టిగానే ఉంటాది. కావలి బజార్లో పదకొండింటికి పెట్టె మూత తీస్తే గదా తెలిసేది." ఆమె ఐసు గడ్డ కొనేటప్పుడు దాన్ని వెలుతురుకి పట్టి చూస్తుంది. అద్దంలా ఉందా, తెల్లగా పాలిపోయి ఉందా అని. తెల్లగా ఉంటే గాలి బుడగలెక్కువ, తొందరగా కరిగిపోతుందట. ఆమెకి అది ఎవరూ నేర్పలేదు. చేప పాడైతే నష్టం తనదే కనక నేర్చుకుంది. బ్రోకరు ఆమెకి కారమ్మడానికి వచ్చి ఉంటే ఆరున్నర గంట పాచిక పారేది కాదు.

పాత కార్ల బజారు గురించి 1970లో జార్జ్ అకర్‌లాఫ్ రాసిన వ్యాసం ఆర్థికశాస్త్రంలో ప్రసిద్ధం. 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. కారు సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలీదు, ఆ తేడాయే బజారుని చెడగొడుతుంది అని ఆయన వాదన. ఆ వ్యాసంలో కొనేవాడు ఒట్టి కొనేవాడే. వాడికి జెండర్ లేదు. ఆ కొనేవాడు ఆడదైతే? 1991లో ఇయాన్ ఎయర్స్ చికాగో ప్రాంతంలో కొత్త కార్ల షాపులకి మనుషుల్ని పంపి, అందరిచేతా ఒకే రకంగా బేరం చేయించి చూశాడు. తెల్లజాతి మగవాళ్ళకి చెప్పిన ధరకంటే ఆడవాళ్ళకీ నల్లజాతివాళ్ళకీ ఎక్కువ చెప్పారు. నాకు ఇంకా ఆసక్తి కలిగించింది 2013లో బస్, ఇజ్రాయెలీ, జెటెల్‌మేయర్ చేసిన అధ్యయనం. రిపేరు షెడ్లకి ఫోన్ చేసి రేడియేటర్ మార్చడానికి ఎంతవుతుందని అడిగించారు. ధర గురించి ఏమీ తెలీనట్టు అడిగితే ఆడవాళ్ళకి ఎక్కువ చెప్పారు. 'ఇంత అవుతుందని విన్నాను' అని ఒక అంకె చెప్పి అడిగితే ఆ తేడా పోయింది. పైగా తగ్గించమని అడిగినప్పుడు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే తగ్గించడం ఎక్కువ కనబడింది.

దీన్ని నేను చాలాసార్లు ఆలోచించాను. వివక్ష ఆడవాళ్ళంటే ద్వేషంలోంచే రానక్కర్లేదు. ఈమెకి తెలిసి ఉండదు అన్న తేలికపాటి అంచనా చాలు. ఆ అంచనాకి ఆధారం మనమే కల్పిస్తున్నామా అంటే, కాదు. ఆ తెలివిడి దొరికే చోట్లు, మెకానిక్ షెడ్డు బల్ల, టీ కొట్టు, బానెట్ చుట్టూ గుమిగూడే మగవాళ్ళ గుంపు, మనల్ని నిలబడనివ్వవు. 1888లో బెర్తా బెంజ్, భర్త కనిపెట్టిన కారుని ఆయనకి చెప్పకుండా తీసుకుని ఇద్దరు కొడుకులతో వంద కిలోమీటర్ల పైన నడిపింది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. కార్ల చరిత్రలో మొదటి దూరప్రయాణం అదే. ఆ తర్వాత ఆ పిన్ను ఎక్కడ పోయిందో!

సంక్రాంతి, కనుమ అయ్యాయి. పద్దెనిమిది రోజుల తర్వాత, మళ్ళీ ఒంటిగంటకి, మళ్ళీ 29 డిగ్రీల్లో, అదే జాలీలో అదే థర్మామీటరు పెట్టాను. పది నిమిషాలకి 17. ఎక్సలేటరు తొక్కితే 14, వదిలితే 18. క్లచ్ టక్కుమని పడుతోంది, అయిదారు సెకన్లకే వదిలేస్తోంది, మళ్ళీ పడుతోంది. గ్యాసు తక్కువైతే ఒత్తిడి పడిపోయి అట్లా ఆగిపోతూంటుంది. చేతికి మాత్రం ఆ 17 కూడా చల్లగానే తగిలింది. బ్రోకరు చెయ్యి పెట్టి "ఐసే కదమ్మా" అనే అన్నాడు, అబద్ధమాడుతున్నానని కూడా ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. థర్మామీటరు ఆయన ముందు పెట్టి పాత అంకె, కొత్త అంకె చూపించాను.

కారుని కావలిలో నాకు తెలిసిన ఏసీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతను మిగిలిన గ్యాసు మిషన్లోకి లాగేసి, గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, ఒక మగ్గులో గిన్నెలు తోమే సబ్బు కలిపి కుంచెతో కండెన్సర్‌కి పూశాడు. తెల్లగా పొడిబారిన ఆ మూలే, ఆవగింజంత బుడగ లేచింది, పగిలింది, మళ్ళీ లేచింది. మేమందరం వంగి ఆ బుడగని చూస్తూ నిలబడ్డాం. బ్రోకరు కూడా. ఆ మెకానిక్ ఒక మాటన్నాడు. సీజనుకి ముందు ఇట్లాంటి కార్లు చాలా వస్తాయట, చిల్లు పూడ్చకుండా గ్యాసు మాత్రం నింపమంటారట. ఆర్ 134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. దాని వాడకం తగ్గించాలనే 2016లో కిగాలీలో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఒక కారుని అమ్మడానికి ఎన్నిసార్లు దాన్ని గాలిలోకి వదులుతున్నామో!

కండెన్సర్, డ్రయ్యర్, గ్యాసు, కూలీ కలిపి 11,500 అన్నాడు మెకానిక్. కారు యజమాని తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడు ఫోన్ నాకిచ్చాడు. ఒక్క క్షణం అవతల ఏమీ వినబడలేదు. నేను అంకె చెప్పాను. అంకె ఏ మెకానిక్ చెప్పాడో, ఏ భాగాలకి ఎంతో చెప్పాను. రిపేరు ఆయన ఖర్చుతో, నేను చెప్పిన షెడ్డులో చేయించాలి. ఇంకో ఇరవై రోజుల తర్వాత మళ్ళీ చూస్తాను, అప్పుడు డబ్బు. "ఇంత పట్టుదల మగోళ్ళకి కూడా ఉండదమ్మా" అన్నాడు. పొగడ్తో విసుగో. ధర ఇంకో అయిదు వేలు తగ్గించమని కూడా అడిగాను. తగ్గించాడు. ఆ అధ్యయనంలో చెప్పినట్టే అడిగితే తగ్గించారు. ఇక్కడి లెక్క అక్కడి లెక్క ఒకటి కాదని తెలుసు గాని, నవ్వొచ్చింది.

ఫిబ్రవరి రెండోవారంలో, 31 డిగ్రీల ఎండలో 7 వచ్చింది. క్లచ్ పడితే నిలకడగా నిలబడింది. డబ్బిచ్చేశాను. యాజమాన్యం మార్చే ఫారాలు 29, 30 నింపుతున్న ఏజెంటు తలెత్తకుండానే, "పేరు... సార్ పేరు చెప్పండి" అన్నాడు. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో పేరు మరిచిపోయిన శారద గుర్తొచ్చింది. తరగతిలో ఆ కథ చెప్పినప్పుడల్లా పిల్లలు పేరెట్లా మరిచిపోతారు మేడమ్ అని నవ్వుతారు. నా పేరు, ఇంటిపేరుతో సహా, అక్షరాలు విడదీసి రెండుసార్లు చెప్పాను. అతను రాశాడు.

థర్మామీటరు మాత్రం నా దగ్గర లేదు. మా కాలేజీలో కామర్సు చెప్పే ఆవిడ నెల్లూరులో పాత కారు చూడ్డానికి వెళ్తూ తీసుకెళ్ళింది. అక్కణ్నుంచి ఆవిడ చెల్లెలు ఒంగోలు పట్టుకుపోయిందట. వేసవి పంట వేస్తున్నాం, నీళ్ళు వేడెక్కుతున్నాయి, ఎప్పుడిస్తావని మా బావ రెండుసార్లు ఫోన్ చేశాడు.